3.1 పక్కన ఏ సంఖ్య?

నల్లబల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక గీత. ఎడమ కొసన 3, కుడి కొసన 4, మధ్యలో తొమ్మిది అడ్డగీతలు. మొదటి అడ్డగీత కింద 3.1 అని రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ లెక్కల మాస్టారు అడిగే ప్రశ్న మన తరం వాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: "దీని పక్కన వచ్చే సంఖ్య ఏదిరా?"

ముందు బెంచీ నుంచి ఠక్కున వచ్చే జవాబు 3.2. కాసేపటికి వెనక నుంచి ఎవరో 3.11 అంటారు. ఇంకొకరు లేచి 3.101 అంటారు. అక్కణ్ణుంచి వరస ఆగదు. 3.1001, 3.10001... గంట కొట్టేదాకా సున్నాల పోటీ. గెలిచేవాళ్లు మాత్రం ఉండరు. ఎవరు ఏ సంఖ్య చెప్పినా, దాన్నీ 3.1నీ కూడి సగం చేస్తే ఇంకా దగ్గరి సంఖ్య తేలుతుంది. 3.1కీ 3.10001కీ సగటు 3.100005. దానికీ 3.1కీ సగటు 3.1000025. ఎంత దగ్గరికి జరిగినా మధ్యలో చోటు మిగిలే ఉంటుంది కాబట్టి 3.1కి పక్క సంఖ్య అంటూ లేదు.

పూర్ణాంకాలతో నాలుగైదేళ్లు కాపురం చేసి వచ్చిన బుర్రకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు. 7 తర్వాత 8, 8 తర్వాత 9. లెక్కపెట్టడం, ఎక్కాలు, కూడిక అన్నీ 'తర్వాతిది' అనే మెట్టు మీదే నిలబడ్డాయి. దశాంశాల పాఠంలో ఆ మెట్టు తీసేస్తారు. తీసేశామని మాత్రం ఎవరూ చెప్పరు.

పైగా చేతిలో ఉన్న ప్రతి సాధనమూ పక్క సంఖ్య ఉందనే చెబుతుంది. సెంటీమీటర్లలో చూసుకుంటే, స్కేలుకు 3.1 పక్కన 3.2 ఉంటుంది. వెర్నియర్‌కు (పక్కన జారే చిన్న స్కేలున్న సాధనం) 3.11 ఉంటుంది. స్క్రూగేజీకి (మర తిప్పి సన్నటి కొలతలు తీసేది) 3.101. సంఖ్యారేఖ మీద లేని పొరుగు సాధనానికి ఉంటుంది, అదీ ఒక్కో సాధనానికి ఒక్కోటి. ఈ రెంటినీ కలగలిపేసుకున్న చోటే దశాంశాల్లో చాలా తప్పులు పుట్టేవి.

అసలు ఆ గీత గీయడంలోనే ఒక తిరకాసు ఉంది. 'పది భాగాలు చేయండి' అనగానే పది అడ్డగీతలు పెట్టేస్తాం. రెండు కొసల మధ్య పది గీతలు పెడితే ఖాళీలు పదకొండవుతాయి. కావలసింది తొమ్మిది గీతలు, పది ఖాళీలు. చదివేటప్పుడూ అదే చిక్కు. 3 అని రాసి ఉన్న గీతనే 'ఒకటి' అని లెక్క మొదలుపెడితే 3.4 ఉండాల్సిన చోట 3.5 వచ్చి కూర్చుంటుంది. లెక్కపెట్టాల్సింది గీత నుంచి గీతకు వేసే గెంతుల్ని. పెన్సిలుతో చిన్న చిన్న విల్లుల్లా ఆ గెంతులు గీయించే మాస్టారు దొరికితే ఈ తప్పు రెండు రోజుల్లో పోయేది.

ఆ తర్వాత గ్రాఫు కాగితం. దశాంశాలకు దీనికి మించిన బొమ్మ లేదు. 10 సెం.మీ. గీత గీసి దాన్ని 3 నుంచి 4 దాకా అనుకోవాలి. అప్పుడు ప్రతి సెంటీమీటరూ ఒక పదో వంతు, ప్రతి మిల్లీమీటరూ ఒక వందో వంతు. 3.1 నుంచి 3.2 దాకా ఉన్న ఒక్క సెంటీమీటరు ముక్కను పట్టుకుని, దాని రెండు కొసల నుంచి కిందికి రెండు ఏటవాలు గీతలు లాగి, కింద మళ్లీ 10 సెం.మీ. గీతగా సాగదీయాలి. ఇప్పుడు సెంటీమీటరు అంటే వందో వంతు: 3.11, 3.12, 3.13. అందులోంచి 3.14 నుంచి 3.15 ముక్క తీసుకుని మూడో గీత. దాని మీద సెంటీమీటరు వెయ్యో వంతు, మిల్లీమీటరు పదివేలో వంతు. మూడో గీత మీద ఒక మిల్లీమీటరు మొదటి గీత మీదికి వెళితే, మిల్లీమీటరులో వందో వంతు చోటు తీసుకుంటుంది. పెన్సిలు ముల్లు ఎంత చెక్కినా అంత సన్నటి గీత రాదు. మూడు గీతలు చాలు. నాలుగోది గీయమని అడిగితే ఎవరైనా నవ్వి, 'ఇలాగే పోతుంది కదండీ' అనేవారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే పాఠం ఒంటబట్టినట్టే.

ఇక చదవడం. 3.14ను 'మూడు పాయింట్ పద్నాలుగు' అని చదవడం మన నోళ్లకు అలవాటు. హాయిగానే ఉంటుంది కానీ దీని పుణ్యమా అని జరిగే నష్టం చిన్నది కాదు. పద్నాలుగు అనగానే మనసు దాన్ని పూర్ణాంకంగా పట్టుకుంటుంది. తర్వాత 3.9 ఎదురైతే, 'పద్నాలుగు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ' అని 3.14నే పెద్దది చేసేస్తుంది. 'మూడు పాయింట్ ఒకటి నాలుగు' అని విడదీసి చదివితే సగం జబ్బు నయం. ఇంకా మంచిది, మొదట్లో కొన్నాళ్లయినా స్థానం పేరుతో చదవడం: మూడు ఒకట్లు, ఒక పదో వంతు, నాలుగు వందో వంతులు.

స్థానాల పేర్ల దగ్గర ఇంకో ముడి. చుక్కకు ఎడమ పక్క ఒకట్లు, పదులు, వందలు. కుడి పక్క నేరుగా పదో వంతులు, వందో వంతులు. మరి 'ఒకటో వంతు' ఏమైంది అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ప్రశ్న న్యాయమైనదే. రెండు పక్కలా పేర్లు అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి కానీ, ఆ అద్దం చుక్క దగ్గర లేదు, ఒకట్ల స్థానం దగ్గర ఉంది. ఒకట్ల నుంచి ఎడమకు ఒక అడుగు పదులు, కుడికి ఒక అడుగు పదో వంతులు. రెండడుగులు వందలు, రెండడుగులు వందో వంతులు. చుక్క చేసే పని ఒకట్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించడం, అంతే.

1585లో సైమన్ స్టెవిన్ దశాంశాల గురించి డచ్చి భాషలో చిన్న పుస్తకం వేసినప్పుడు ఆయన చుక్క పెట్టలేదు. ప్రతి అంకె పక్కనా వృత్తంలో చిన్న అంకె పెట్టాడు. 3.14 అయితే 3 పక్కన వృత్తంలో 0, 1 పక్కన వృత్తంలో 1, 4 పక్కన వృత్తంలో 2. రాయడానికి చేతినొప్పే. అయినా పద్నాలుగు అని పొరపాటున చదివే వీలు మాత్రం అందులో లేదు. చుక్క గెలిచింది దాని పొట్టితనం వల్ల, స్పష్టత వల్ల కాదు.

రెండు దశాంశాల్లో పెద్దది ఏదో పోల్చమంటే తప్పు చేసేవాళ్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకానికి పొడుగ్గా ఉన్నదే పెద్దది: 4.63, 4.8లలో 63 ఎనిమిది కన్నా పెద్దది కాబట్టి 4.63. రెండో రకం దానికి తిరగబడ్డది. పదో వంతు కన్నా వెయ్యో వంతు చిన్నదని విన్నారు, కాబట్టి పొట్టిగా ఉన్నదే పెద్దదనుకుంటారు. వీళ్లు 4.8 పెద్దదని సరిగ్గానే చెబుతారు, మార్కూ పడుతుంది. అదే 5.736, 5.62 ఇస్తే 5.62 పెద్దదంటారు. అక్కడ మొదటి రకం వాళ్లు ఒప్పు చెప్పేస్తారు! అందుకే ఒకే తరహా జత ఇచ్చి పరీక్షిస్తే సగం తప్పులు దాక్కుంటాయి. రెండు జతలూ ఇవ్వాలి. మూడో జతగా 4.45, 4.4502 కూడా ఇస్తే ఇంకో రకం బయటపడతారు: రెండు స్థానాల దగ్గర ఆగిపోయి రెండూ సమానమేననేవాళ్లు. వాళ్ల దృష్టిలో 4.45కీ 4.46కీ మధ్య శూన్యమే.

దీనికి బడిలో దొరికే మందు 'వెనక సున్నాలు చేర్చి పొడవు సమానం చేయండి' అనే చిట్కా. 4.8ని 4.80 చేస్తే 80, 63 పోల్చడం తేలిక. జవాబు ఒప్పవుతుంది కానీ రోగం అలాగే ఉంటుంది, ఎందుకంటే పోల్చింది మళ్లీ పూర్ణాంకాలనే. సున్నా ఎందుకు చేర్చవచ్చో, అంటే ఎనిమిది పదో వంతులూ ఎనభై వందో వంతులూ ఒకటే ఎందుకైనాయో, గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి చూడకపోతే ఆ చిట్కా పరీక్ష అయిపోగానే ఆవిరైపోతుంది.

చుక్క ఉన్న ప్రతిదీ దశాంశం కాకపోవడం ఇంకో గొడవ. క్రికెట్ స్కోరుబోర్డు మీద 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు; నిజానికి నాలుగున్నర ఓవర్లు. అక్కడ 4.5 పక్కన వచ్చేది 5. రన్‌రేటు కట్టేటప్పుడు 4.3తో భాగిస్తే తప్పే, 4.5తో భాగించాలి. గంటల్లోనూ అంతే: 2.30 అని రాసుకున్న సమయం లెక్కలోకి వెళ్లేటప్పుడు 2.5 కావాలి. పాఠ్యపుస్తకంలో 2.9 అధ్యాయ విభాగం తర్వాత 2.10 వస్తుంది, అది 2.1 కాదు. ఇవన్నీ రెండు వేర్వేరు లెక్కల్ని చుక్కతో అతికించిన జంటలు. ఇలా రాసినప్పుడు వీటి మధ్యలో విలువలు ఉండవు. దశాంశమో కాదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: వీటి మధ్య ఇంకోటి పెట్టగలవా?

జామెట్రీ బాక్సులోని 15 సెం.మీ. స్కేలు సంగతికొస్తే, నాలుగు నెలలు వాడేసరికి దాని కొస అరిగి, సున్నా గీత ఎక్కడుందో కనపడేది కాదు. అప్పుడు 1 దగ్గర నుంచి కొలవడం మొదలు. కొలిచి, చివర్లో ఒకటి తీసేయడం మర్చిపోవడమూ మొదలు. 6.7 రావాల్సింది 7.7 వస్తుంది. కన్ను పక్కకు ఉంటే గీతా వస్తువూ ఒకే చోట కలిసినట్టు కనపడవు; తల నేరుగా గీత మీద ఉండాలి. మందపాటి చెక్క స్కేలుకు ఈ దోషం మరీ ఎక్కువ, ఎందుకంటే గీతలు కాగితానికి తగలకుండా ఎత్తులో ఉంటాయి. స్కేలును నిలువుగా అంచు మీద నిలబెట్టి కొలిస్తే గీతలు కాగితాన్ని తాకుతాయి.

వస్తువు కొస 6.7, 6.8 గీతల మధ్య పడితే ఏం చేయాలి? 'దగ్గరి గీత రాయి' అనేవారు చిన్న తరగతుల్లో. పెద్ద తరగతులకొచ్చాక, గీతల మధ్య పదో వంతును కంటితో అంచనా వేసి 6.74 అని రాయొచ్చని తెలిసింది. చివరి అంకె అనుమానపు అంకె. దాన్ని రాయడం తప్పు కాదు, దాని మీద ఇంకో అంకె రాయడమే తప్పు.

పాదరసపు జ్వరమాని ఇంకో రకంగా మోసం చేసేది. ఫారన్‌హీట్ జ్వరమానిలో 98కీ 99కీ మధ్య ఐదే ఖాళీలు. అంటే ఒక్కో గీత 0.2. స్కేలు అలవాటుతో మూడో గీతను 98.3 అని చదివేస్తాం, అది 98.6. ఏ సాధనం చేతికొచ్చినా ముందు అడగాల్సింది ఒక్కటే, రెండు పెద్ద అంకెల మధ్య ఎన్ని ఖాళీలున్నాయి అని. పది అయితే 0.1, ఐదు అయితే 0.2, నాలుగు అయితే 0.25. అన్నట్టు, 98.6 అంత కచ్చితంగా కనపడటానికి కారణం కొలత కాదు. అది 37 డిగ్రీల సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలిపితే వచ్చిన అంకె. 37కు చుక్కే లేదు. మార్పిడిలో చుక్క మొలిచింది.

గ్రాఫు గీసేటప్పుడు స్కేలు ఎంపికలోనూ ఇదే సూత్రం. సెంటీమీటరుకు 1, 2, 5 లేదా 10 యూనిట్లు తీసుకోమనేవారు. 3 తీసుకుంటే ఏం పోతుంది? ఒక మిల్లీమీటరు 0.3 అవుతుంది. 3.5 ఎక్కడ పెట్టాలంటే పదకొండో మిల్లీమీటరు దాటి ఇంకో మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు పోవాలి. 5 తీసుకుంటే మిల్లీమీటరు 0.5, ఏడో గీత మీద కళ్లు మూసుకుని చుక్క పెట్టొచ్చు. స్కేలు తప్పు ఎంచుకున్నవాళ్ల గ్రాఫు ఎప్పుడూ వంకరే.

అసలు మజా వెర్నియర్ కాలిపర్స్‌తో. 1631లో పియర్ వెర్నియర్ చెప్పిన ఉపాయం ఇంత సాదాసీదాదని ఎవరూ నమ్మరు: 9 మిల్లీమీటర్ల పొడవును 10 భాగాలు చేసి, ప్రధాన స్కేలు పక్కన జారేలా పెట్టడం. ఒక్కో వెర్నియర్ భాగం 0.9 మి.మీ. కాబట్టి ప్రతి భాగానికీ 0.1 మి.మీ. వెనకబడుతుంది. ఆరో వెర్నియర్ గీత ప్రధాన స్కేలు గీతతో కలిసిందంటే, వెర్నియర్ సున్నా దాని ఎడమ గీతను 0.6 మి.మీ. దాటి ఉందన్నమాట. ప్రధాన స్కేలు రీడింగు 2.3 సెం.మీ., ఏకీభవనం (కలిసిన వెర్నియర్ గీత) 6, కనీసపు కొలత 0.01 సెం.మీ. అయితే మొత్తం 2.3 + 6 × 0.01 = 2.36 సెం.మీ. గీతల మధ్య కంటితో వేసే అంచనాను, రెండు గీతలు కలిశాయా లేదా అనే ప్రశ్నగా మార్చేశాడు. మధ్య దూరాన్ని అంచనా వేయడం కంటికి కష్టం, కలిసిన గీతను పట్టుకోవడం తేలిక. కిటుకంతా అదే.

ప్రయోగశాలలో జరిగే తప్పు కూడా దాదాపు ఒకటే. పై ఉదాహరణలో ఆరో వెర్నియర్ గీత కలిసేది ప్రధాన స్కేలు మీద 2.9 దగ్గర. కన్ను అక్కడే ఉంటుంది కాబట్టి ప్రధాన స్కేలు రీడింగు 2.9 అని రాసేసి, 2.96 చేసేవాళ్లు. ప్రధాన స్కేలు రీడింగు ఎప్పుడూ వెర్నియర్ సున్నాకు ఎడమ పక్కనున్న గీతే. ఇక శూన్యాంశ దోషం: దవడలు మూసినప్పుడు వెర్నియర్ సున్నా కుడికి జరిగి ఉంటే దోషం ధనాత్మకం, రీడింగులోంచి తీసేయాలి. ఎడమకు జరిగి ఉండి ఎనిమిదో గీత కలిస్తే దోషం 0.08 కాదు. వెనక నుంచి లెక్కించాలి, 10లోంచి 8 తీస్తే 2, అంటే −0.02 సెం.మీ.; రీడింగుకు 0.02 కలపాలి.

స్క్రూగేజీ గురించి రెండే మాటలు. పిచ్ (ఒక చుట్టు తిప్పితే మర జరిగే దూరం) 1 మి.మీ., తల స్కేలు మీద 100 భాగాలుంటే కనీసపు కొలత 0.01 మి.మీ. పిచ్ స్కేలు 3, తల స్కేలు 47 అయితే 3.47. తల స్కేలు 7 చూపిస్తే చేయి తిరిగినవాళ్లు కూడా 3.7 అని రాస్తుంటారు, అది 3.07. ఇంకోటి, మర ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పుతూ రీడింగు తీయాలి. ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల తల తిరుగుతుంది కానీ కొస కదలదు.

ఈ సాధనాల దగ్గరే 2.4కూ 2.40కీ తేడా తెలిసొచ్చేది. సంఖ్యారేఖ మీద రెండూ ఒకే బిందువు. రికార్డు పుస్తకంలో కాదు. 2.4 సెం.మీ. అని రాస్తే అసలు విలువ 2.35 నుంచి 2.45 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2.40 అంటే 2.395 నుంచి 2.405 మధ్య. ఆ చివరి సున్నా మధ్య ప్రదేశాన్ని పదో వంతుకు కుదించింది. లెక్కల క్లాసులో కొట్టేయమన్న సున్నాను పక్క గదిలో ఫిజిక్స్ వాళ్లు రాయలేదని మార్కు కోసేవారు. ఇద్దరూ ఒప్పే, కానీ ఎందుకో ఇద్దరూ చెప్పేవారు కాదు.

లాగ్ టేబుల్స్ పుస్తకం తీసి ఎన్నేళ్లయిందో! మూలలు మడతలు పడి, 20 నుంచి 40 దాకా ఉండే పేజీ వేలిముద్రలతో నల్లబడి ఉండేది. 2.346 సంవర్గమానం (లాగ్, అంటే 10ని ఎంత ఘాతానికి ఎత్తితే 2.346 వస్తుందో ఆ సంఖ్య) కావాలంటే 23 వరసలో 4 కింద 3692. కుడి పక్క మీన్ డిఫరెన్స్ గళ్లలో 6 కింద 11. కలిపితే 3703, అంటే 0.3703. ఆ 11 ఎక్కడిది? 2.34కు 3692, 2.35కు 3711. మధ్య దూరం 19. అందులో పదికి ఆరు వంతులు 11.4, దగ్గరగా 11. రెండు తెలిసిన విలువల మధ్య వంపును తిన్నని గీత అనుకుని మధ్య విలువ పట్టడం. అంతర్వేశనం అనే పెద్ద పేరు తర్వాతెప్పుడో విన్నాం, పని మాత్రం అప్పటికే రోజూ చేస్తున్నదే.

ఈ 'తిన్నని గీత' పుస్తకం మొదట్లోనే కుంటుతుంది. 1.00 నుంచి 1.01కి తేడా 43. అదే వరస చివర్లో 1.09 నుంచి 1.10కి తేడా 40. ఒకే వరసకు ఒకే మీన్ డిఫరెన్స్ ఇస్తే చివరి అంకె తప్పుతుంది. చాలా పుస్తకాల్లో 10 నుంచి 19 దాకా ఒక్కో వరసకు రెండేసి తేడాల వరసలు ఉండటానికి కారణం ఇదే. 99 వరసకొచ్చేసరికి తేడా 4 లేదా 5, అక్కడ వంపు ఉందన్న సంగతే తెలియదు.

బార్ (రుణాత్మకమని చెప్పడానికి అంకె నెత్తిన గీసే గీత) దగ్గర బోల్తా పడనివాళ్లు అరుదు. 0.02346 సంవర్గమానం బార్ 2 పాయింట్ 3703. బార్ 2 మీదే, 3703 ధనాత్మకం. అంటే −2 + 0.3703 = −1.6297. దాన్ని −2.3703 అని రాసేస్తే విలువ −2, −1ల మధ్య ఉండాల్సింది −3, −2ల మధ్యకు వెళ్లిపోతుంది. ప్రతిసంవర్గమానం (లాగ్ నుంచి తిరిగి అసలు సంఖ్య) చూస్తే 0.02346 కాస్తా 0.00426 అవుతుంది. ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉండాలో ముందు ఒక్క క్షణం చూసుకుంటే తప్పించుకోగల తప్పు. ఈ పట్టికల వెనక శ్రమ తలచుకుంటే గుండె జల్లుమంటుంది. హెన్రీ బ్రిగ్స్ 1624లో 1 నుంచి 20,000 దాకా, 90,000 నుంచి 1,00,000 దాకా సంవర్గమానాలను 14 దశాంశ స్థానాలతో అచ్చువేశాడు. మధ్యలో వదిలేసిన 70 వేల సంఖ్యల ఖాళీని ఆడ్రియాన్ వ్లాక్ 10 స్థానాలతో పూరించి 1628లో ప్రచురించాడు. అన్నీ చేత్తో!

రెండు వర్గమూలాన్ని మధ్య ఇరికించి పట్టుకునే ఆట కూడా గుర్తుండే ఉంటుంది. 1.4 వర్గం 1.96, 1.5 వర్గం 2.25, కాబట్టి √2 ఆ రెంటి మధ్య. 1.41 వర్గం 1.9881, 1.42 వర్గం 2.0164. 1.414 వర్గం 1.999396, 1.415 వర్గం 2.002225. ప్రతి మెట్టుకీ పెట్టె పదో వంతుకు చిక్కిపోతుంది. ఎప్పటికైనా సరిగ్గా 2 తగులుతుందా? తగలదని చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఏదో ఒక స్థానం దగ్గర ఆగిపోయే దశాంశానికి చివరి అంకె 1 నుంచి 9లోపు ఏదో ఒకటి. ఆ అంకెల వర్గాల చివర వచ్చేవి 1, 4, 9, 6, 5 మాత్రమే. సున్నా ఎప్పుడూ రాదు. కాబట్టి వర్గం చివర కూడా ఏదో ఒక అంకె తోకలా మిగిలే ఉంటుంది, 2.000... కాలేదు. ఆవర్తన దశాంశం (అవే అంకెలు వరసగా మళ్లీ మళ్లీ వచ్చేది) కూడా కాదని చూపడానికి వేరే వాదం కావాలి, అది తర్వాతి తరగతి పని.

చుక్క లేని రోజుల్లోనూ ఈ ఇరికించే పని ఆగలేదు. వర్గమూలం సరిగ్గా రాకపోతే సంఖ్యను ఏదైనా పెద్ద వర్గంతో గుణించి, మూలం తీసి, ఆ వర్గం మూలంతో భాగించమన్నాడు ప్రాచీన గణితవేత్త శ్రీధరుడు. 2ను 10,000తో గుణిస్తే 20,000. మూలం 141 చిల్లర. 100తో భాగిస్తే 1.41. చుక్క లేదు, పని అదే. ఆర్యభటుడు 499లో 20,000 వ్యాసానికి పరిధి 62,832 అని చెప్పినప్పుడూ అంతే, భాగిస్తే 3.1416. అది దగ్గరి విలువ అని తెలిసే 'ఆసన్న' అన్న మాట వాడాడు.

ఈ పరిధి, వ్యాసాల నిష్పత్తి π (పై) విషయంలో ఆర్కిమెడీస్ ఇచ్చినది ఒక సంఖ్య కాదు, ఒక పెట్టె: 223/71 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ. దశాంశాల్లో 3.1408..., 3.1428... ఇక్కడో చిన్న తమాషా. బడిలో వాడే 3.14 ఆ పెట్టెలోనే లేదు, కింది గోడ కన్నా కిందే ఉంది. πకి 3.14 కన్నా 22/7 దగ్గర కూడా. 22/7 మోటు లెక్క, 3.14 నాజూకు లెక్క అనుకునేవాళ్లకు ఇది చెబితే ఒక పట్టాన నమ్మరు.

భిన్నాల మధ్య భిన్నం పెట్టే సులువైన దారి ఒకటుంది. 1/3 + 1/2ను పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడి 2/5 అని రాసినవాళ్లకు మొట్టికాయ పడేది. కూడికగా అది తప్పే. కానీ 2/5 అంటే 0.4, అది 0.333..., 0.5ల మధ్యే ఉంది. హారాలు ధనాత్మకమైతే ఇది ప్రతిసారీ జరుగుతుంది. మొట్టికాయ తినిపించిన పద్ధతే మధ్య సంఖ్యను పట్టే పద్ధతి.

0.999... గొడవ కూడా ఈ మధ్య ప్రశ్నతోనే తేలుతుంది. అది 1 కన్నా రవ్వంత తక్కువనే మొండిపట్టు అందరిదీ. సరే, వేర్వేరు సంఖ్యలైతే వాటి మధ్య ఇంకోటి ఉండాలి. రాయండి. 0.999...లో ఏ అంకెనూ పెంచే చోటు లేదు, అన్నీ తొమ్మిదులే. మధ్యలో ఎవరూ లేరంటే అవి రెండు సంఖ్యలు కావు, ఒకే సంఖ్యకు రెండు వేషాలు.

ఇప్పుడు లెక్కలన్నీ యంత్రంలోకి వెళ్లాయి. ఒక్కో సంఖ్యను 64 బిట్లలో (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి) దాచే పద్ధతిలో 0.1, 0.2 కూడమంటే చాలా ప్రోగ్రామింగ్ భాషలు 0.30000000000000004 చూపిస్తాయి. తప్పు కూడికలో లేదు. 1/10 హారంలో 5 ఉంది. యంత్రం రెండుతోనే భాగిస్తుంది కాబట్టి, మనకు 1/3 ఎలా ఆగదో దానికి 0.1 అలా ఆగదు. బిట్లు అయిపోయిన చోట కోసేస్తుంది. అందుకని అక్కడ సంఖ్యలు గింజల్లా విడివిడిగా ఉంటాయి. పెద్ద సంఖ్యల దగ్గర గింజల మధ్య దూరం పెరుగుతుంది కూడా: 9007199254740992 పక్కన 9007199254740994 వస్తుంది, మధ్యలోది లేనే లేదు.

మాస్టారి ప్రశ్న దాన్ని అడిగితే తడుముకోకుండా జవాబిస్తుంది. 3.1 పక్కన 3.1000000000000005. ఆ రెంటి సగటు అడిగితే ఆ రెంటిలోనే ఒకటి తిరిగి వస్తుంది. సున్నాల పోటీకి అక్కడ పద్నాలుగో సున్నా దగ్గరే గంట కొట్టేస్తారు.